బండి ఎక్కేముందు లెక్క చూసుకుందాం

(మండల మహిళా సమాఖ్య మహాజన సభలో ఆరోగ్య ఉపసంఘం లీడరు చేసిన ప్రసంగం)



నేను పదో తరగతి వరకే చదువుకున్నాను. మైకు పట్టుకుంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది. తప్పులుంటే మన్నించండి. ప్రతి ఏడూ ఈ సభలో పొదుపు ఎంత, అప్పు ఎంత, రికవరీ ఎంత అని చెప్పుకుంటాం. ఈ ఏడు నన్ను దెబ్బల గురించి చెప్పమన్నారు. రోడ్డు మీద తగిలే దెబ్బలు, చేలో తగిలే దెబ్బలు, ఇంట్లో జారిపడితే తగిలే దెబ్బలు. పెద్దాసుపత్రిలో ట్రామా సెంటర్ అని ఉంటుంది. యాక్సిడెంటు అయి పెద్ద దెబ్బలతో వచ్చినవాళ్లను వెంటనే చూడటానికి డాక్టర్లు, ఆపరేషను గది, రక్తం అన్నీ రాత్రీ పగలూ సిద్ధంగా ఉండే చోటు అది. ఆ సెంటరుకీ మన ఊళ్లకీ మధ్య తిరిగే పని ఏడాదిన్నరగా నేను చేస్తున్నాను. ఈ పనిలోకి ఎందుకొచ్చానో ముందు చెప్పాలి.

నేను ముఠా మేస్త్రిని. మిరప కోతలకు మా వీధి ఆడవాళ్లను పోగుచేసి తీసుకెళ్లేది నేనే. ఆటో కిరాయి రానూపోనూ 960 రూపాయలు. పన్నెండు మంది ఎక్కితే మనిషికి 80 పడుతుంది. పదహారు మంది ఎక్కితే 60. మనిషికి 20 రూపాయలు మిగులుతాయని నేనే అందరినీ సర్దేదాన్ని. "కొంచెం జరగండే, ఇంకో ఇద్దరు పడతారు" అని నేనే అనేదాన్ని. రెండేళ్ల కిందట మాఘమాసంలో ఒక పొద్దున మా తోడికోడలు ఆలస్యంగా వచ్చింది. లోపల చోటు లేదు. వెనక డిక్కీ మీద కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోమన్నాను. కాలవ మలుపు దగ్గర గేదె అడ్డమొస్తే డ్రైవరు తమ్ముడు ఒక్కసారిగా తిప్పాడు. అంత బరువుతో ఆటో నిలబడలేదు, పక్కకు పడిపోయింది.

మిగతావాళ్లకు చేతులు, మోకాళ్లు కొట్టుకుపోయాయి. తను లేవలేదు. మేం నలుగురం ఏం చేశామో తెలుసా? కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి, అటుగా వచ్చిన ఇంకో ఆటోలో నడుం వంచి కూర్చోబెట్టాం. 108కి ఎవరూ ఫోన్ చేయలేదు. ఒకరు చేసి ఉంటారులే అని ఇంకొకరం అనుకున్నాం. ముందు దగ్గర్లో ఉన్న చోటికి, అక్కడ లాభం లేదంటే ఇంకో చోటికి, ఆఖరికి ట్రామా సెంటరుకి. చేరేసరికి రెండున్నర గంటలు దాటింది. వెన్నుపూస విరిగిందన్నారు. "పడటం వల్ల ఎంత నష్టం జరిగిందో, ఎత్తడం వల్ల ఎంత జరిగిందో ఇప్పుడు చెప్పలేం అమ్మా" అన్నారు డాక్టరు గారు. తను ఇవాళ కూడా చక్రాల కుర్చీలోనే ఉంది. ఈ సంగతి ఇక్కడ చెప్పమని నన్ను పంపింది కూడా తనే.

అక్కడ ఒక సిస్టర్ గారు ఉంటారు. వచ్చిన ప్రతి మనిషికీ దెబ్బ ఎక్కడ తగిలింది, ఎలా తగిలింది, ఏ బండి, హెల్మెట్ ఉందా, ఎంతసేపటికి వచ్చారు అని రిజిస్టరులో రాయడం ఆవిడ పని. నన్ను అడిగారు, "ఆటోలో ఎంతమంది ఎక్కారమ్మా?" నేను "ఎనిమిది మంది" అని అబద్ధం చెప్పాను. రెండు రోజుల తర్వాత నేనే వెళ్లి నిజం చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. "ఇలాంటి లెక్క నాకు రోజూ తప్పే వస్తుంది. తప్పు లెక్క రాస్తే ఏ ఊళ్లో ఏం మార్చాలో మాకెలా తెలుస్తుంది" అన్నారు. అప్పటి నుంచి మొదలైంది ఈ పని.

పని ఏంటంటే, నెలకోసారి సిస్టర్ గారు పేర్లు లేకుండా మన మండలం కేసులు నాకు చెప్తారు. ఏ రోడ్డు, ఏ టైము, ఏ కారణం అని. నేను ఆ ఊరి గ్రామ సమాఖ్యతో మాట్లాడతాను. మలుపు దగ్గర కంపచెట్లు అడ్డమైతే పంచాయతీకి అర్జీ పెడతాం. కొంగు చక్రంలో చుట్టుకున్న కేసు వస్తే ఆ ఊరి సంఘాల్లో ఆ మాట చెప్తాం. మనం చేసింది, మన ఊళ్లో కుదరనిది మళ్లీ ఆసుపత్రికి చెప్తాను. కబురు అటూ ఇటూ రెండువైపులా పోవాలి.

మొదటి మీటింగు మాత్రం పాడైపోయింది. పెద్ద టెంటు వేశాం, డాక్టరు గారు తెర మీద బొమ్మలు చూపించారు, గంటన్నర మాట్లాడారు. మనవాళ్లు సగం మంది కునుకు తీశారు, మిగతావాళ్లు సంతకం పెట్టి వెళ్లిపోయారు. తర్వాత పద్ధతి మార్చాం. సంఘం మీటింగులో పొదుపు కట్టాక పది నిమిషాలు. ఒక్కసారికి ఒక్కటే విషయం. చెప్పడం తక్కువ, చేయించడం ఎక్కువ.

చేయించిందేంటో ఇక్కడ కూడా చెప్తాను, గుర్తు పెట్టుకోండి. దెబ్బ తగిలి పడిన మనిషిని చూడగానే గుంపును ఉద్దేశించి "ఎవరైనా ఫోన్ చేయండి" అనొద్దు. ఒకరిని వేలెట్టి చూపించి "లక్ష్మక్కా, నువ్వు 108కి చెయ్యి" అనాలి. మెడ, నడుం దెబ్బ అనుమానం ఉంటే, మంట, నీళ్లు, బండ్లు మీదికొచ్చే ప్రమాదం లేకపోతే, కదిలించొద్దు. తప్పనిసరై కదిలించాల్సి వస్తే ఒకరు తల కదలకుండా రెండు చేతులతో పట్టుకోవాలి, మిగతావాళ్లు ఒక్కసారిగా ఎత్తి బల్ల మీదికో తలుపుచెక్క మీదికో చేర్చాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోవాలి, మాటిమాటికీ తీసి చూడొద్దు. పసుపు, కాఫీపొడి వేయొద్దు. నోట్లో నీళ్లు పోయొద్దు. మొదటి గంటను బంగారు గంట అంటారు. ఆ గంటలో సరైన చోటికి చేరితే బతికే అవకాశం ఎక్కువ. 108 వాళ్లకు ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలో తెలుస్తుంది. మనలా మూడు చోట్ల తిప్పరు.

చాలామంది అడిగేది, "సాయం చేస్తే పోలీసు కేసు మన మెడకు చుట్టుకోదా?" అని. చుట్టుకోదు. 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షనుగా పెట్టారు. సాయం చేసినవాళ్లు పేరు చెప్పాలని లేదు, సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదు, ఆసుపత్రి డబ్బు అడగకూడదు. ప్రాణాపాయంలో ఉన్నవాళ్లను బంగారు గంటలో చేర్చినవాళ్లకు కేంద్రం రాహ్‌వీర్ పథకం కింద 25,000 రూపాయలు ఇస్తుంది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలినవాళ్లకు పథకంలో ఉన్న ఆసుపత్రిలో ఏడు రోజుల్లోపు లక్షన్నర వరకు నగదు కట్టకుండా వైద్యం ఉంది. డబ్బు లేదని ఇంట్లో ఆలోచిస్తూ కూర్చోవద్దు.

ఇక అసలు గొడవ ఆటోది. ఆటోకి డ్రైవరు కాక ముగ్గురే అని రూలు. ఆ మాట చెప్తే మన ఆడవాళ్లే నా మీద లేచారు. "నీకేం, మీటింగులు తిరుగుతావు. మాకు కిరాయి ఎవరిస్తారు?" అన్నారు. అదీ నిజమే. కిరాయి కూలిలోంచి పోతే ఎవరూ తగ్గరు. రైతుల్ని అడిగితే "మీరు కాకపోతే పక్క ఊరివాళ్లు వస్తారు" అన్నారు. ఒక ముఠా, ఒక ఊరు అడిగితే అయ్యే పని కాదని తెలిసింది. అప్పుడు మూడు గ్రామ సమాఖ్యలు కూర్చుని ఒకే తీర్మానం రాసుకున్నాం. డిక్కీ మీద ఎవరూ కూర్చోకూడదు, డ్రైవరు పక్కన ఎవరూ ఉండకూడదు, ఏడుగురు కూర్చునే బండి మాట్లాడుకుని రెండు ట్రిప్పులు తిప్పాలి, రెండో ట్రిప్పు ఖర్చు రైతు పెట్టుకోవాలి అని. ఒక రైతు బాబాయి ముందు ఒప్పుకున్నారు. ఆయన మనవరాలు కూడా కాలేజీకి అలాంటి ఆటోలోనే పోతుంది. ఆయన్ని చూసి ఇంకొందరు వచ్చారు.

అంతా బాగుపడింది అని చెప్పను. ఆ మూడింటిలో ఒక ఊరు సగం సీజనులో తీర్మానం వదిలేసింది. కాయ ముదిరిపోతుందంటే అక్కడ మళ్లీ పన్నెండు మంది ఎక్కారు. స్త్రీ శక్తి వచ్చాక పల్లెవెలుగు బస్సులో మనకు టికెట్టు లేదు, కానీ పొద్దున్నే కోతలకు వెళ్లే టైముకి మన రోడ్డులో బస్సు లేదు. కోతల నాలుగు నెలలైనా ఒక బస్సు ముందుగా వేయమని డిపోకి అర్జీ ఇచ్చాం. ఇంకా జవాబు రాలేదు. ఈ సభ తరఫున ఇంకో అర్జీ వెళ్తే బలం ఉంటుంది.

ఒక మంచి కబురు కూడా చెప్తాను. పోయిన శ్రావణంలో హైవే పక్కన ఒక అబ్బాయి బైకు మీద నుంచి పడ్డాడు. మన సంఘం వాళ్లు ముగ్గురు పొలం నుంచి వస్తున్నారు. ఒకరు ఫోన్ చేశారు, ఒకరు తల పట్టుకున్నారు, ఒకరు తొడ మీద కొంగు అదిమి పట్టి కూర్చున్నారు. ఎత్తుదామని వచ్చిన మగవాళ్లను కూడా ఆపారు. ఆ అబ్బాయి నడిచి ఇంటికెళ్లాడు. మా వల్లే బతికాడని మేం అనం. కానీ మా తోడికోడలు ఆ సంగతి విని చాలాసేపు ఏడ్చింది. "నాకు కూడా ఎవరైనా అలా పట్టుకుని ఉంటే" అంది. నా దగ్గర దానికి జవాబు లేదు.

డబ్బు సంగతి ఒకటి. తనకు సంఘంలో అప్పు ఉంది. కిస్తీలు ఆరు నెలలు మేం పంచుకుని కట్టాం. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, రెండు కాళ్లు పూర్తిగా పనిచేయకుండా పోయినా 2 లక్షలు వస్తాయి. తను ఫారం నింపింది. కానీ మే నెలాఖరులో ఖాతాలో 20 రూపాయలు లేక కట్ కాలేదు. రూపాయి రాలేదు. ఇరవై రూపాయలు మిగులుతాయని నేను డిక్కీ మీద కూర్చోబెట్టాను, ఇరవై రూపాయలు లేక బీమా పోయింది. అందుకే ప్రతి సంఘంలో మే నెల మీటింగులో బుక్‌కీపరు అందరి పాసుబుక్కులు చూడాలని ఉపసంఘం తరఫున అడుగుతున్నాను.

మిగతావి గబగబా చెప్పి ముగిస్తాను. బైకు వెనక కూర్చునే మనకూ హెల్మెట్ ఉండాలి, నాలుగేళ్లు దాటిన పిల్లలకూ ఉండాలి, ఐఎస్ఐ గుర్తు చూసి కొనాలి. చీర గార్డు పీకేసిన బండి ఎక్కొద్దు. ఎక్కేముందు కొంగు, చున్నీ ముందుకు తీసి దోపుకోండి. పద్దెనిమిది నిండని కొడుక్కి బండి తాళం ఇస్తే, వాడు యాక్సిడెంటు చేస్తే తల్లిదండ్రులకు మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా. కాలితే ఇరవై నిమిషాలు మామూలు చన్నీళ్లు ధారగా పోయాలి, పేస్టు రాయొద్దు. అత్తమామలు రాత్రి లేచే దారిలో ఒక లైటు, బాత్రూం దగ్గర పట్టుకోవడానికి ఒక కడ్డీ పెట్టించండి.

అక్కలారా, నేను ఇప్పటికీ ముఠా మేస్త్రినే. ఇప్పటికీ పొద్దున్నే బండి దగ్గర నిలబడి మనుషుల్ని లెక్క పెడతాను. అప్పుడు ఇంకెంతమంది పడతారని లెక్కపెట్టేదాన్ని. ఇప్పుడు ఏడుగురు కాగానే తలుపు వేస్తాను. తిట్టేవాళ్లు తిడతారు, మిగిలినవాళ్లు రెండో ట్రిప్పులో వస్తారు. సాయంత్రం దిగేటప్పుడు మళ్లీ లెక్కపెడతాను. ఎక్కినవాళ్లంతా దిగితే అదే నాకు చాలు. మీ ఊళ్లో కూడా ఒక మేస్త్రి, ఒక లీడరు ఈ లెక్క మొదలు పెట్టాలని చేతులెత్తి అడుగుతున్నాను.