కోటిలింగాల, నాసిక, మ్యాకదోని: శాతవాహనుల పాలనపై ఒక స్మారకోపన్యాసము



శాతవాహనుల రాజ్యపాలనమును గూర్చి ప్రసంగింపబూనిన వారు నాసిక గుహలకో, నానేఘాటు కనుమకో పోయి, అచటి ప్రాకృత శాసనములతో కథ నారంభించుట వాడుక. కరీంనగరమున నిలిచి మాటలాడుచున్న నేను, గోదావరిలో పెద్దవాగు కలియు చోట నున్న కోటిలింగాల నుండి బయలుదేరుదును. పురాణముల రాజావళులలోను, నానేఘాటునందలి యొక శిథిలప్రతిమ శీర్షికలోను పేరు మాత్రము మిగిలిన శాతవాహన వంశకర్త చిముకుడు, ఆ దిబ్బలలో దొరకిన నాణెములను పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి వంటి విద్వాంసులు చదివిన పిమ్మట, సొంత ముద్రతో మన కన్నుల బడెను. అతని నాణెములకంటె నాకు విలువైనవిగా తోచునవి, అతనికి ముందటివారని తలపబడు గోభద, నారన, కంవాయ, సమగోపుల నాణెములు. వీరి నే పురాణమును పేర్కొనదు. అయినను సొంత ముద్రతో నాణెము వేయించిన రాజును, దానిని పుచ్చుకొను అంగడియు ఈ గట్టున అప్పటికే యుండెనన్నమాట.

పొరుగున నున్న ధూళికట్ట మట్టికోటయు బౌద్ధస్తూపమును, పెద్దబంకూరు ఇటుక కట్టడములును, మట్టివరల బావులును, కమ్మరికొలుములును ఆ మాటనే బలపరచుచున్నవి. ఆంధ్రులకు 30 కోటగోడల పట్టణములు కలవని రోమను రచయిత ప్లినీ వ్రాసెను. ధూళికట్ట వానిలో నొకటి యని కొందరు పండితుల ఊహ.

పాలన తీరు నెరుగుటకు మాత్రము నాసికకు పోక తప్పదు. రాజ్యము ఆహారములనెడి జిల్లాలుగా విభక్తమై యుండెను. ఆహారమున రాజాజ్ఞ నందుకొనువాడు అమాత్యుడు. గౌతమీపుత్ర శాతకర్ణి తన పాలన 18వ యేట, నాసిక ప్రాంతపు ఆహారమగు గోవర్ధనమునందలి అమాత్య విష్ణుపాలితునకు పంపిన ఆజ్ఞలో, భిక్షువుల కొసగిన 200 నివర్తనముల పొలమున భటులు ప్రవేశింపరాదనియు, అధికారులు చేయి వేయరాదనియు, ఉప్పుకై త్రవ్వరాదనియు కలదు. దానశాసనములలోని మామూలు మాటలని చరిత్రకారులు వీనిని దాటిపోవుదురు. నాకట్లు తోచదు. ఒక పొలమున జరుగరాదని రాజు పనిగట్టుకొని వ్రాయించినది, తక్కిన పొలములలో నిత్యము జరుగుచుండినదే యగును. వెట్టిచాకిరియు గిర్దావరు మకామును చూచిన కరీంనగర, ఆదిలాబాదు పల్లెల పెద్దలకు, సర్కారు మనిషి పొలిమేర దాటి రాకుండుట యెంతటి వరమో నేను వేరుగ చెప్పనక్కరలేదు.

మరి ఆరేండ్లకు, 24వ యేట, అదే గోవర్ధనమునకు, అమాత్య శ్యామకుని పేర, రాజును రాజమాతయు కలిసి మరియొక యాజ్ఞ పంపిరి: కఖడి గ్రామమున మున్నిచ్చిన పొలము సాగగుట లేదు, ఊరు పాడుపడినది, కావున నగరపు పొలిమేరలోని రాచపొలమునుండి 100 నివర్తనము లీయవలెను. రాజమాత బాలశ్రీ చెక్కించిన దిగ్విజయ ప్రశస్తికంటె ఈ దిద్దుబాటు చీటియే నాకు ఆ ప్రభుత్వమును దగ్గర చేసినది. ఎక్కడనో ఒక పొలము బీడుపడిన సంగతి రాజు చెవిని బడుటకును, ఇచ్చిన మాట మరల వ్రాయబడుటకును అందు దారి యుండెను. విస్తీర్ణము సగమైనదని భిక్షువులు గొణిగిరేమో, శాసనము చెప్పదు.

ఆ దారి చివరివరకును తెరచియుండెనని నేననను. ఆదవాని సీమలోని మ్యాకదోని శాసనమున, పులుమావి కాలమున, సాతవాహనిహారము మహాసేనాపతి ఖందనాగుని చేతిలోను, వేపురక గ్రామము గుల్మికుడను దండు అధికారియగు కుమారదత్తుని చేతిలోను ఉన్నట్లు కనబడుచున్నది. అమాత్యుని పేరు అచట లేదు. జిల్లాయు ఊరును దండువారి పాలైనవి. అయినను ఆ శాసనము చెక్కబడినది వారి ఘనత చాటుటకు గాదు, సాంబుడను గృహపతి ఆ యూర చెరువు త్రవ్వించెనని తెలుపుటకు.