రొయ్య కాని రొయ్య

కెనడా రాకీ పర్వతాల్లో దొరికిన ఒక శిలాజాన్ని 1892లో శిలాజ శాస్త్రవేత్త వైటీవ్స్ తల లేని రొయ్యగా భావించి, అనోమలోకారిస్ అని పేరు పెట్టారు. అక్కడే దొరికిన గుండ్రటి అచ్చును 1911లో మరో శాస్త్రవేత్త వాల్కాట్ జెల్లీఫిష్ అనుకున్నారు. 1985లో విటింగ్టన్, బ్రిగ్స్ అసలు సంగతి తేల్చారు. ఆ రొయ్య నిజానికి ఎరను ఒడిసిపట్టే ముందరి అవయవం. ఆ జెల్లీఫిష్ ఏమో, చుట్టూ పలకలు పేర్చినట్టున్న నోరు! రెండూ ఒకే తరహా వేటజీవివి. దాదాపు 50 కోట్ల ఏళ్ల కిందటి సముద్రాల్లో అవి పెద్ద జంతువులు.

ఆస్ట్రేలియాలోని కంగారూ దీవిలో అనోమలోకారిస్ కళ్లు కూడా దొరికాయి. ఒక్కో కంటికి కనీసం 16,000 కటకాలు, అచ్చం తూనీగ కళ్లలా. ఒంటికి మాత్రం గట్టి పెంకు లేదు. నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది ఇదే: ఒళ్లంతా కవచం రాకముందే అంత నిశితమైన చూపు వచ్చేసింది. అందుకే దీన్ని రొయ్యలు, పీతలు, తేళ్లు, కీటకాల వంశవృక్షంలో మొదలుకు దగ్గరగా, పక్కకొమ్మ మీద ఉంచుతున్నారు.