పత్తి వెంకయ్య: మనకు మిగిలియున్న ఋణము

(తుళ్లూరు పఠనమందిరమున చదివిన ఉపన్యాసపాఠము)



పింగళి వెంకయ్యగారి పేరు విననివారు ఈ సభలో నుండరు. ఏటేట ఆగస్టు 2వ తేదీన బడిపిల్లలు ఆయన పటమునకు పూలదండ వేయుదురు. జెండా చేసిన మహనీయుడని పంతులుగారు ఒక్క వాక్యము పలుకుదురు. మిఠాయి పంచిపెట్టుదురు; అంతటితో సరి. ఎనుబదియేడవ యేట కన్ను మూసిన మనుష్యుని జీవితమంతయు ఒక్క వాక్యమున కుదించుట న్యాయమగునా? ఆయన సముద్రము దాటి యుద్ధభూమిని చూచివచ్చినవాడు. వచ్చిన పిదప పొట్టకూటికై పలువృత్తులు చేపట్టినవాడు. చిన్న పట్టణములలోనే బ్రతికి, లేమిలోనే గతించినవాడు. ఆ మనుష్యుని గూర్చి నేడు విచారింతము.

మేము న్యాయవాదవృత్తిలో నున్నవారము. సాక్ష్యమునకు మించి పొగడిన కీర్తి ఎదుటివాని మొదటి ప్రశ్నకే కూలునని మా అనుభవము. కావున వెంకయ్యగారికి దక్కవలసినదంతయు దక్కునట్లును, దక్కరానిది అంటగట్టకుండునట్లును మాటలాడ ప్రయత్నింతుము.

కృష్ణామండలమున మచిలీపట్టణమునకు చేరువనున్న భట్లపెనుమఱ్ఱులో 1876 ఆగస్టు 2వ తేదీన ఆయన జన్మించెను. యౌవనమున సైన్యమున చేరి బోయరు యుద్ధకాలమున దక్షిణాఫ్రికాకు పోయెను. ఆ యుద్ధము 1899 అక్టోబరున మొదలై 1902 మే నెలాఖరున ముగిసెను. బంగారుగనులున్న నేలపై ఎవరి పెత్తనము చెల్లవలెనని తెల్లవారిలో రెండు తెగలకు వచ్చిన తగవు అది. తెల్లవారి పోరులో నల్లవాడు తుపాకి పట్టరాదని ఏలికల నియమము. అయినను మన దేశమునుండి వేలకొలది జనులను ఓడలెక్కించిరి. గుఱ్ఱములకు మాలీసు చేయువారు, నాడాలు కొట్టువారు, డోలీలు మోయువారు, నీళ్లు తెచ్చు భిస్తీలు, బట్టలుతుకువారు లేక ఆ సేన ఒక్కదినమైన కదలజాలదు. నేటాలులోని గాంధీజీ సుమారు 1100 మంది భారతీయులతో క్షతగాత్రులను మోయు దళమును కూర్చి, కొలెన్సో, స్పియన్ కోప్ రణరంగముల చెంత సేవచేసెను. ఆ దళమున హెచ్చుమంది ఒప్పందపు కూలీలు. నేటాలు చెఱకుతోటలకు మన తీరమునుండి ఎందఱు పోయిరో తెలిసినవారు, ఆ డోలీలు మోసిన భుజములలో తెలుగు భుజములును ఉండెనని ఊహింపగలరు. వెంకయ్యగారికి గాంధీజీతో పరిచయము ఆ దేశముననే కలిగెనని ఆయన చరిత్రకారులు వ్రాయుదురు.

యుద్ధమునుండి మరలివచ్చిన సిపాయి పిదప ఏమగును? పటాలమున నున్నంతకాలము అతనికి అంకె యుండును, బిళ్ల యుండును, బత్తెముండును. ఊరు చేరిన మఱునాడు అతడు మఱల అంగడివాడో, వడ్రంగియో, రైతో, గుమాస్తాయో కావలయును. పశ్చిమగోదావరిలో మిలటరీ మాధవరమని పేరుపడిన గ్రామమొకటి కలదు. తరతరములుగా అచ్చటివారు సైన్యమునకు పోవుచున్నారు. అట్టి యూరిలో సిపాయిని ఎవరును మఱువరు. కాని ఊరికి ఒక్కడో ఇద్దఱో పోయివచ్చిన చోట, వారి కథ వారితోడనే కాటికి పోవును. వెంకయ్యగారును వచ్చి రైల్వేలో గార్డుగా నుండిరి. ప్లేగు ఇన్స్పెక్టరుగా నుండిరి. ఏ పనియందును ఆయన చిరకాలము నిలువలేదు. ఇది నిలకడలేమియని కొందఱందురు. చూచిన ప్రతి విద్యను చేతబట్టి చూడవలెనను తహతహ యని మేమందుము. జపాను భాష నేర్చినందున జపాన్ వెంకయ్య అనిపించుకొనెను. రత్నశాస్త్రమున కృషిచేసినందున డైమండ్ వెంకయ్య అనిపించుకొనెను. మన నేలకు మిక్కిలి చేరువైన మూడవ పేరు పత్తి వెంకయ్య.

ఆ పేరు ఎట్లు వచ్చెను? నైజాము రాజ్యమధ్యమున ద్వీపమువలె నుండిన మునగాల పరగణాకు నాయని వెంకట రంగారావుగారు జమీందారు. తెలుగున గ్రంథాలయములకును, గ్రంథప్రచురణకును తోడ్పడిన వదాన్యుడాయన. ఆయన అండన నడిగూడెమున వెంకయ్యగారు సేద్యపు పరిశోధన చేసిరి. ఆ కాలమున మన నల్లరేగళ్లలో పండినది కోకనాడ పత్తి. అది పొట్టిపోగుది, ఎఱ్ఱచాయ కలది. మిల్లులకు కావలసినది తెల్లని పొడుగుపోగు. 20వ శతాబ్దారంభమున కాంబోడియానుండి తెచ్చిన విత్తనము మద్రాసు రాజధానిలో ప్రవేశపెట్టబడెను. తమిళదేశమున అది బాగుగ పండెను. ఆ విత్తనమును మన మట్టిలో నాటి, ఏ నేల దానికి తగునో, ఏ నేల తగదో కనుగొనుటకు శ్రమించిన తెలుగువాడు వెంకయ్య. విత్తనము మార్చిన రైతు తన సంవత్సరపు కూడును పందెమొడ్డుచున్నాడని ఈ సభలోని సేద్యగాండ్రకు మేము చెప్పనక్కఱలేదు. ఆ పందెమును రైతునకు ముందుగ తానొడ్డి చూచుటే ఆయన చేసిన పని.

పిమ్మట ఆయన మచిలీపట్టణమున ఆంధ్రజాతీయ కళాశాలలో అధ్యాపకుడయ్యెను. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగార్లు స్థాపించిన విద్యాపీఠమది. 1916లో ఆయన ఇతరదేశముల పతాకములను వర్ణించి, మన దేశమునకు 30 నమూనాలను సూచించు పుస్తకమొకటి ప్రకటించెను. కాంగ్రెసు మహాసభ ఎచ్చట జరిగిన అచ్చటకు ఆ పుస్తకముతో పోయెను.

ఇక జెండా వ్యాజ్యమునకు వత్తము. మన చేతనున్న ముఖ్యమైన దస్తావేజు 1921 ఏప్రిల్ 13వ తేదీ యంగ్ ఇండియాలో గాంధీజీ వ్రాసిన వ్యాసము. అందు వెంకయ్యగారి పుస్తకమును, నాలుగేండ్ల పట్టుదలను ఆయన మెచ్చుకొనెను. ఆ నమూనాలు మాత్రము తన మనస్సును కదలింపలేదని దాచక చెప్పెను. రాట్నముండవలెనను తలంపు జలంధరవాసియగు లాలా హంసరాజుది. బెజవాడ అఖిలభారత కాంగ్రెసు సభలో ఎఱుపు, ఆకుపచ్చ రంగులపై రాట్నముగల పతాకమును గీసియిమ్మని గాంధీజీ వెంకయ్యగారిని కోరగా, మూడుగంటలలో అది సిద్ధమయ్యెను. ఇతరమతములవారికిని చోటుండవలెనని తెలుపు చేర్చుట గాంధీజీ తరువాతి యోచన. 1931లో కాంగ్రెసు కాషాయము, తెలుపు, ఆకుపచ్చల క్రమమును స్థిరపఱచి, ఆ రంగులకు మతముల అర్థము లేదనెను. 1947 జూలై 22వ తేదీన రాజ్యాంగసభ రాట్నమునకు మాఱుగ అశోకచక్రము నుంచెను.

తీర్పేమి? నేటి పతాకమును వెంకయ్యగారొక్కరే సృజించిరనుట దస్తావేజునకు మించిన మాట. ఆయనకు సంబంధములేదనుట అంతకన్న పెద్ద అసత్యము. దేశమునకొక జెండా కావలెనని అడిగించుకొనకయే అడిగి, ఏండ్లతరబడి సభ వెంట సభకు తిరిగి, అడిగిన దినమున మూడుగంటలలో చేసియిచ్చినవాడు ఆయన. పనివాని కీర్తి ఇదియే. ఇంతకన్న పెద్ద కీర్తిని ఆయనకు కల్పింపనక్కఱలేదు.

అటుపిమ్మట నెల్లూరిసీమలో అభ్రకమును, ఖనిజములను పరిశోధించుచు 1944 వఱకు గడపెను. కడపటి దినములు బెజవాడలో కడు పేదరికమున గడచెను. 1963 జూలై 4వ తేదీన మరణించెను. తపాలాబిళ్ల వేయుటకు ప్రభుత్వమునకు 2009వ సంవత్సరము రావలసివచ్చెను. బ్రతికియుండగా బియ్యము, చచ్చిన నలుబదియాఱేండ్లకు బిళ్ల! బియ్యమును ఆ దినములలో ఎవరైన సమృద్ధిగ నిచ్చియుండిన, ఈ బిళ్లకు మేమును చప్పట్లు కొట్టియుందుము.

మఱియొక సంగతి మన ఊరి నేలకు సంబంధించినది. పత్తి వెంకయ్య గీసిన జెండా ఖాదీ జెండా. రైతు పత్తికి, వడికిన చేతికి, నేసిన మగ్గమునకు అందు పాలు కలదు. అందుకే స్వతంత్రభారతమున చేతవడికి చేతనేసిన గుడ్డతోనే పతాకము చేయవలెనని విధించిరి. హుబ్బళ్లి చెంత బెంగేరిలోని ఖాదీసంఘము ఆ పనిని వ్రతమువలె నడపెను. 2021 డిసెంబరు 30వ తేదీన పతాకనియమావళి సవరింపబడి, యంత్రమున చేసినదియు, పాలిస్టరు గుడ్డయు అంగీకరింపబడెను. ప్రతి యింట జెండా యెగురవలెనన్న కోరిక మంచిదే. చౌకగుడ్డ బీదవానికి అందుననుట నిజమే. కాని పత్తి పండించు సీమలో, మంగళగిరి మగ్గముల కూతవేటున నుండి, నూనెబావినుండి పుట్టిన గుడ్డను ఆగస్టు 15వ తేదీన ఎగురవేయుటకు మన చేతులాడవలెనా?

కావున సభవారిని మూడు పనులు వేడుచున్నాము. మొదటిది: ఈ పఠనమందిరముపై ఎగురు జెండా నూలుదై యుండవలెను, దాని వెలను చందాలతో కూర్చుకొనుట మనకు భారము కాదు. రెండవది: వెంకయ్యగారి దినమున పటమునకు దండ వేయుటతో ఆగక, 1921 నాటి ఆ వ్యాసమును పిల్లలకు తెలుగున చదివి వినిపింపవలెను. మూడవది: ఈ చుట్టుపట్ల గ్రామములలో సైన్యమునకు పోయివచ్చి, నేడు అంగళ్లలో, చేలలో, కార్ఖానాలలో బ్రతుకుచున్న వృద్ధుల పేర్లను, వారు చూచిన దేశములను, వారు చేసిన పనులను ఒక పుస్తకమున వ్రాసి ఇచ్చట నుంచవలెను. ఆ పనికి మేము కాగితము, కలము పట్టుకొని రాగలము. వారు నోరు విప్పగల దినములలోనే అది జరుగవలెను.