కిరాణ దుకాణం ముందటి వరుస

(రామాయంపేటలో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రేషన్ కార్డుల విషయం మాట్లాడుకోవడానికి కూడిన ఈ సభలో, 2020 కరోనా నాటి కిరాణ వరుసల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కార్డులలో పేర్లు లేనివారి వివరాలు రాసుకోవడానికి మేము నెల రోజులుగా ఇంటింటికీ తిరుగుతున్నాము. ఏ గడప ఎక్కినా మాట అక్కడికే వెళ్లింది. “ఆనాడు కార్డు ఉండి ఉంటే” అని మొదలుపెట్టి, ఎండలో గీసిన సున్నపు గుండ్రాల దాకా చెప్పుకుంటూ పోయారు. ముఖ్యంగా మన తల్లులు. వారు చెప్పినదీ, ఆ రోజులలో ఇంటింటికీ సౌదా చేరవేస్తూ మేము చూసినదీ కలిపి మీ ముందు ఉంచుతున్నాము.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగింది. మన రాష్ట్రంలో వెంటనే లాక్‌డౌన్ వచ్చింది. 25వ తేదీ నుండి దేశమంతటా అమలైంది. సాయంత్రం ఏడు గంటల నుండి ఉదయం ఆరు వరకు కర్ఫ్యూ. ఇంటికి ఒక్కరే బయటకు రావాలి. సరుకులకైనా మూడు కిలోమీటర్లు దాటి పోరాదు. మనిషికీ మనిషికీ నడుమ దూరం ఉండాలి. తరువాత మాస్కు తప్పనిసరి అయింది, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా.

ఈ నియమాలను మేము తప్పుపట్టడం లేదు. మహమ్మారి వచ్చిన ఊరికి పోవద్దని, ఆ ఊరిలో ఉన్నవారు బయటకు రావద్దని ప్రవక్త (స) చేసిన బోధను చిన్ననాటి నుండి విన్నవారము. సిరియా దారిలో ప్లేగు వార్త విని హజ్రత్ ఉమర్ (ర) సహచరులతో సంప్రదించి వెనుదిరిగిన ఘటన మనకు తెలియనిది కాదు. జుమా నమాజు కూడా ఇంటివద్దనే చేసుకోవాలని ఉలమాలు చెప్పినప్పుడు కన్నీరు పెట్టుకున్నాము గాని, ఎదురు చెప్పలేదు. మా ఫిర్యాదు నియమం మీద కాదు. ఆ నియమం ఎవరి ఇంటిని మనసులో పెట్టుకుని రాయబడిందన్నది ఒకటి, దానిని ఎవరి మీద ఎంత ప్రయోగించారన్నది రెండు.

వారానికి ఒక్కసారి బయటకు వచ్చి కావలసినవన్నీ కొనుక్కోండని చెప్పారు. నెల జీతం చేతికి వచ్చే ఇల్లు, ఫ్రిజ్ ఉన్న ఇల్లు అలా చేయగలదు. మన బస్తీలో బీడీలు చుట్టే తల్లుల ఇళ్లు ఎన్ని? ఆకు రాలేదు, తంబాకు రాలేదు, కూలి ఆగిపోయింది. ఉన్న వంద రూపాయలతో ఈ పూటకు పప్పు, చిన్న నూనె ప్యాకెట్, పావుకిలో ఉల్లిగడ్డలు కొనుక్కునే మనిషి వారం సరుకు ఏ విధంగా తెచ్చుకోవాలి? ఆమె రోజూ వచ్చి తీరాలి. రోజూ వచ్చే మనిషి, నియమం దృష్టిలో నిర్లక్ష్యపు మనిషి. “మళ్లా వచ్చినవా?” అన్న ప్రశ్న ఆమెకే ఎదురయ్యేది.

రామాయంపేట జాతీయ రహదారి మీది ఊరు. చుట్టుపక్కల పల్లెలు, తండాలు సరుకులకు మన ఊరి మీదనే ఆధారపడతాయి. వారికి మూడు కిలోమీటర్లలో మంచి కిరాణం లేదు. ఆటోలు బంద్, బస్సులు బంద్, అంగడి బంద్. ఇంటికి ఒక్కరే అన్నప్పుడు, కొడుకులు హైదరాబాదులోనో గల్ఫులోనో చిక్కుకుపోయిన ఇంట్లో ఆ ఒక్కరు అరవై ఏళ్ల తల్లి. బియ్యం సంచి ఆమె ఎట్లా మోసుకుపోతుంది? మేము కొందరము సైకిళ్లు, మోటారు సైకిళ్లు పట్టుకుని సరుకులు చేరవేయడానికి పూనుకున్నది ఆ ప్రశ్న నుండే.

నవ్వు వచ్చే సంగతులు కూడా ఉన్నాయి. దుకాణానికి అడ్డంగా తాడు కట్టారు. దూరం నుండి చీటీ చదివి వినిపించాలి. మాస్కు వెనుక నుండి “చనే కీ దాల్” అని అరిస్తే మినపప్పు కట్టి పెట్టారు. తప్పు జరిగింది, మార్చమంటే ముట్టుకున్న సరుకు వాపసు తీసుకోమన్నారు. ఆ వారమంతా మా నాలుగు ఇళ్లలో మినపప్పే వండుకున్నాము.

ఇక నవ్వు రాని సంగతి. మార్చి 30 సాయంత్రం, ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ సమావేశానికి వెళ్లివచ్చిన వారిలో ఆరుగురు మన రాష్ట్రంలో మరణించారని ప్రభుత్వం ప్రకటించింది. మరణాలు నిజం. వెళ్లివచ్చిన వారు పరీక్షలు చేయించుకోవాలన్న విజ్ఞప్తి కూడా సరైనదే. కాని ఆ రాత్రి నుండి టీవీలలో రోగానికి ఒక మతం తగిలించారు. కరోనా జిహాద్ అన్న మాట ఫోన్లలో తిరిగింది. ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక శాసనసభ్యుడు, ముస్లింల దగ్గర కూరగాయలు కొనవద్దని బాహాటంగానే చెప్పాడు. అక్కడెక్కడో అన్న మాట ఇక్కడి వరుసలోకి రావడానికి ఎన్నో రోజులు పట్టలేదు.

మా బస్తీలో ఒక ఖాలా ఉంది. బీడీలు చుట్టే మనిషి, భర్త లేడు. ఇరవై ఏళ్లుగా ఒకే కిరాణ దుకాణంలో సౌదా తెచ్చుకుంటుంది. ఆ వారంలో ఒక ఉదయం ఆమె బురఖాతో వరుసలో నిలబడి ఉండగా, వెనుక గుండ్రంలోని మనిషి రెండు గుండ్రాలు వెనుకకు జరిగాడు. ఆమె చూడనట్టే ఉంది. తన వంతు వచ్చింది. ఆమెకు ముందు నిలబడిన ముగ్గురికీ చిల్లర చేతికి అందింది. ఆమె వంతు వచ్చేసరికి, “పైసలు బల్ల మీద పెట్టి వెనక్కి జరగమ్మా” అన్నారు. చిల్లర కూడా బల్ల మీదనే పెట్టారు. ఒక రూపాయి బిళ్ల దొర్లి మోరీలో పడింది. ఆమె వంగి తీసుకోలేదు.

ఆమె మాకు చెప్పినప్పుడు బిళ్ల గురించి ఒక్క మాటా అనలేదు. “నేను ఢిల్లీ ఎట్లుంటదో కూడా చూడలేదు బేటా” అన్నది.

ఈ అవమానం మీద ఎవరికి దరఖాస్తు పెట్టుకోవాలి? ఏ సెక్షన్ కింద? దుకాణదారు నియమం పాటించాడు. దూరం పాటించమని ప్రభుత్వమే చెప్పింది. చిల్లర బల్ల మీద పెట్టడం నేరం కాదు, జాగ్రత్త. ఆ ఒక్క మనిషి దగ్గరే జాగ్రత్త పడడంలో ఉన్నదంతా ఉంది. మాలో కొందరు ఆ దుకాణం ముఖం చూడవద్దన్నారు. మాట పడవద్దు, వేరే చోట కొందామన్నారు. బహిష్కరణకు బహిష్కరణ అన్నమాట. మూడు కిలోమీటర్ల హద్దులో, ఖాతా పెట్టే దుకాణాలు ఎన్ని ఉన్నాయని వెళ్లగలము? అంతకన్నా ముఖ్యంగా, ఆ పని చేస్తే ఎవరో గీసిన గీతను మనమే ఇంకొంచెం లోతుగా గీసినట్టయ్యేది.

మర్నాడు దుకాణం మూసే వేళకు మేము ముగ్గురము వెళ్లాము. తాడుకు ఇవతలనే నిలబడి చెప్పాము: “సేటూ, దూరం పెట్టండి, మేము కాదనము. కాని ఖాలాకు బల్ల, మిగతావాళ్లకు చేయి అంటే అది కరోనాకు పెట్టిన దూరం కాదు గదా. పెడితే అందరికీ పెట్టండి.” ఆయన చాలాసేపు లెక్కల పుస్తకం వంకే చూశాడు. తరువాత, “టీవీల గట్లనే చెప్పవట్టిరి తమ్మీ. ఇంట్ల చిన్న పిల్లలున్నరు. భయమైంది” అన్నాడు. భయం అబద్ధం కాదని మాకు ఆ ముఖం చూస్తేనే అర్థమైంది. ఆ భయాన్ని ఎవరి వైపు తిప్పాలో మాత్రం ఎవరో నేర్పారు.

మరుసటి ఉదయం బల్ల మీద ఒక స్టీలు పళ్లెం ఉంది. పెద్దవారైనా, పేదవారైనా, ఏ కులమైనా, ఏ మతమైనా పైసలు పళ్లెంలో వేయాలి, చిల్లర పళ్లెంలోనే తీసుకోవాలి. నిజానికి రోగం నుండి కాపాడే పద్ధతి కూడా అదే. చేతికి చేయి అందిన ఆ ముగ్గురి ద్వారా రోగం రాదని ఎవరు చెప్పగలరు? ఏప్రిల్ 25న రమజాన్ మొదలైనప్పుడు, అదే దుకాణం నుండి ఖాలా ఇంటికి ఖాతా మీద గోధుమపిండి, ఖర్జూరం వచ్చాయి. పండుగ దాటి చాలా రోజుల వరకు ఆయన బాకీ అడగలేదు. ఇది కూడా చెప్పకపోతే మేము న్యాయం తప్పినవారమవుతాము.

బండి మీద పండ్లు అమ్ముకునే మన సోదరులకు అంత సులువుగా తీరలేదు. రమజాన్ వారి పంట కాలం. ఆ ఏడు పేరు అడిగి, పండు కింద పెట్టి వెళ్లినవారు ఉన్నారు. సగం బండితో ఇంటికి తిరిగివచ్చి, ఆ పుచ్చకాయలనే పిల్లలకు ఇఫ్తార్‌గా పెట్టిన తండ్రిని మేము ఎరుగుదుము. వీధి వ్యాపారుల రక్షణకు 2014లోనే చట్టం వచ్చింది. సర్వే చేసి గుర్తింపు పత్రం ఇవ్వాలని అది చెబుతుంది. 2020 జూన్‌లో కేంద్రం స్వనిధి పథకం ప్రకటించి పదివేల రూపాయల అప్పు ఇస్తామన్నప్పుడు, గుర్తింపు పత్రం ఉన్నవారికి దారి తేలికైంది. మనవారిలో చాలామందికి అటువంటి కాగితం ఒకటి ఉంటుందని కూడా తెలియదు. రామాయంపేట 2018 నుండి పురపాలక పట్టణం. అడగవలసిన కార్యాలయం మన ఊరిలోనే ఉంది.

నింద సంగతి న్యాయస్థానాలు తేల్చాయి, తీరికగా. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం తబ్లీగీ విదేశీయుల మీది కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులుగా ఎంచుకున్నట్టు కనిపిస్తున్నదని అన్నది. 2025 జులై 17న ఢిల్లీ హైకోర్టు, వారికి ఆశ్రయమిచ్చారన్న 70 మంది భారతీయుల మీది 16 కేసులను కొట్టివేసింది. ఐదేళ్లు పట్టింది. నింద వేసిన టీవీలు ఆ తీర్పులను ఎంతసేపు చూపాయో మీకే తెలుసు. ఖాలా దగ్గరకు మాత్రం ఏ తీర్పూ నడిచిరాలేదు, పళ్లెం తప్ప.

ఇక మన తప్పు. 2021 మే 12న మళ్లీ లాక్‌డౌన్ వచ్చింది. ఉదయం ఆరు నుండి పది వరకే సడలింపు. 14న ఈద్. ఆ రెండు ఉదయాలూ బజారులో ఏమి జరిగిందో మనకు గుర్తుంది. దినమంతా సాగవలసిన కొనుగోళ్లను నాలుగు గంటలలో కుక్కితే గుంపు కాక మరేమవుతుంది? సహరీకి లేచి, ఫజర్ చేసి, కన్ను మూయకుండా ఆరు గంటలకు పాలకు, సేమియాకు పరుగెత్తిన తల్లులను మేము ఏమీ అనము. కాని కొత్త బట్టల కొరకు కుటుంబాలతో సహా ఒకరి మీద ఒకరు పడినవారిని అంటాము. ఆ రెండో అల ఏప్రిల్, మే నెలలలో ఎన్ని జనాజాలు లేచాయో చూసి కూడా వెళ్లారు. వరుసలో సమాన గౌరవం అడిగే మనకు, వరుసలో నిలబడే బాధ్యత ఉండదా? మాలో ఒకరి ఇంట్లో కూడా ఆ బట్టల సంచి వచ్చింది. అందుకే ఈ మాట గొంతెత్తి కాదు, తలవంచి చెబుతున్నాము.

ఇప్పుడు కార్డుల దగ్గరికి వస్తాము. 2020లో రాష్ట్ర ప్రభుత్వం కార్డులో పేరున్న ప్రతి మనిషికి 12 కిలోల బియ్యం ఉచితంగా, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. వలస కూలీలకు మనిషికి 12 కిలోలు, 500 రూపాయలు ప్రకటించింది. మన ఊరి పక్క రహదారి మీద ఉత్తరాదికి నడిచిపోయిన వేలమందిలో ఆ బియ్యం ఎందరికి అందాయో వేరే సంగతి. కాని ఊరిలోనే పుట్టి, ఊరిలోనే ఉన్న మనవారికి ఎందుకు అందలేదు? కార్డులో పేరు లేదు గనుక. పెళ్లయి వేరుపడిన జంటకు కార్డు లేదు. కోడలి పేరు పుట్టింటి కార్డులో నుండి తీసేశారు, ఇక్కడ ఎక్కలేదు. పుట్టిన పిల్లల పేర్లు ఏళ్ల తరబడి చేరలేదు. ఖాలా ఇంట్లో తినే నోళ్లు ఐదు. కార్డు మీద పేరు ఒక్కటి. పన్నెండు కిలోలు తెచ్చుకుని ఐదుగురికి పంచింది.

2025 ఉగాది నుండి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు, మనిషికి ఆరు కిలోలు. ఆ ఏడాది జులైలో కొత్త కార్డుల పంపిణీ మొదలైంది. పేర్లు చేర్చడానికి మీసేవలో దరఖాస్తులు తీసుకుంటున్నారు. కాగితం పెట్టినవారి ఇంటికే కార్డు వస్తుంది. మనలో ఎంతమంది “చూద్దాం, ఇన్షా అల్లాహ్” అని వదిలేస్తున్నారో ఇంటింటికీ తిరిగి చూశాము. అల్లాహ్ తలిచినా, ఆధార్ నకలు మనమే తీయించాలి.

బయట వరండాలో బల్ల వేసి మా పిల్లలు ముగ్గురు కూర్చున్నారు. ఇంటిల్లిపాది ఆధార్ కార్డులు, పిల్లల జనన పత్రాలు, పాత కార్డు ఉంటే దాని నకలు ఇవ్వండి. దరఖాస్తు వారే నింపి, రసీదు మీ చేతికే ఇస్తారు. పండ్ల బండ్లవారికి వేరే జాబితా ఉంది, మునిసిపాలిటీకి కలిసి వెళ్దాము. ఆ వరుసలలో నిలబడినవారు తల్లులు గనుక ఈ రోజు ముందు తల్లులే రావాలి. సోదరులు కాసేపు వెనుక గుండ్రాలలో ఉండండి. జాబితాలో మొదటి రెండు పేర్లు రాసేశాము. అవి ఖాలా మనవలవి.