కొల్లేటి చేప



ఆదివారమునాడు కలకత్తా బజారున చేపలమ్మువాడు మంచుపెట్టెలోని రుయి చేపను చూపి "ఆంధ్రా" అనును. పరాయి సరకని వంగమిత్రులు దానిని "చాలానీ" యని కొంత చిన్నచూపు చూతురు. మనకది కైకలూరు, ఆకివీడు చెరువులనుండి వచ్చిన శీలావతి. మన యూరి చుట్టము.

ఆ చెరువులు వంగదేశమునకు ఋణపడియున్నవి. 1957లో హీరాలాల్ చౌధురి ఈ జాతి చేపలకు పిట్యూటరీ గ్రంథిరసమును సూదితో నెక్కించి గ్రుడ్లు పెట్టించెను. అంతవరకు నదులలో గాలించి తెచ్చిన చేపపిల్లలు పిదప చెరువుగట్టుననే లభించినవి.

లాభము వెంట నష్టమును వచ్చినది. కృష్ణా గోదావరుల నడుమనున్న కొల్లేరు చెరువుగట్లతో ముక్కలైనది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు వరద నిలుచుటకు చోటు తగ్గినది. వలవేసి కొర్రమీను పట్టు జాలరికి సరస్సు దూరమైనది. 2006లో అభయారణ్యములోని గట్లను ప్రభుత్వము తెగగొట్టించగా, ఆ చెరువులపై బ్రతుకు పేదలకు జీవనము కఱవైనది.

ఇచ్చట తూర్పు కలకత్తా భేరీలలో నగరపు మురుగునీరే యెండకు శుద్ధియై చేపలను పెంచుచున్నది. ఈ భేరీలును కొల్లేరును ఒకే దినమున, 2002 ఆగస్టు 19న, రామ్సార్ జాబితాకెక్కినవి. ఇండ్లకొరకు భేరీలను పూడ్చువారు ఇక్కడను కలరు.

సరస్సు నిలిచిననే చేప నిలుచును. ఆంధ్రా చేపయని గర్వించు మనము, సెలవులలో ఊరికేగినపుడు కొల్లేటి నీరెట్లున్నదని గూడ అడుగుదుము గాక!