ఊళ్లో ఇల్లు కట్టేవారికి: 500డి చువ్వ, 550 చువ్వ
(మన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను మన గుడి వెబ్‌సైటు చూసుకునే వాలంటీరుగానే మీకు తెలుసు. చదివిన ఎం.ఎస్. మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరింగులో. అన్నం పెడుతున్నది సాఫ్ట్‌వేరు. ఆ సంగతి బయటపడ్డాక ప్రసాదం క్యూలో ఒకటే ప్రశ్న: “తమ్ముడూ, ఊళ్లో అమ్మానాన్నలకు ఇల్లు కడుతున్నాం. ప్లానులో 500డి స్టీలు అని ఉంది. మేస్త్రీ 550 ఇంకా గట్టిది అంటున్నాడు. వేసేయమందామా?”

ఇంజనీరు మళ్లీ లెక్క వేయకుండా వద్దండి.

ఆ అంకె చువ్వ శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి, చదరపు మిల్లీమీటరుకు న్యూటన్లలో. బీము మధ్యలో వంగినప్పుడు పైన కాంక్రీటు నలుగుతుంది, కింద చువ్వ సాగుతుంది. డిజైనరు కోరుకునేది ముందు చువ్వ లొంగాలని. అప్పుడు బీము కిందికి జారుతుంది, పగుళ్లు విచ్చుకుంటాయి, ఇంట్లోవాళ్లు బయటపడే వ్యవధి దొరుకుతుంది. స్టీలు బలం అవసరానికి మించితే కాంక్రీటే ముందు చితికిపోతుంది. అది చెప్పి రాదు. పైగా మాలు కలిపేటప్పుడు ఇంకో బకెట్ నీళ్లు పోసే అలవాటు మన సైట్లలో ఎలాగూ ఉంది!

భూకంపం వస్తే మరో చిక్కు. బీములు అనుకున్నదానికన్నా గట్టివైతే ఆ దెబ్బ పిల్లర్లకు తగులుతుంది. బీము దెబ్బతింటే బాగుచేసుకోవచ్చు, పిల్లరు పోతే పైఅంతస్తే కూలుతుంది. ఇక్కడ అమెరికాలో భూకంప ప్రాంతాల్లో వాడే ఎ706 చువ్వకు బలం ఇంతకు మించకూడదని పైహద్దు పెట్టింది అందుకే.

ఇక ఆ ‘డి’ అక్షరం. సాగే గుణానికి గుర్తు. ఐ.ఎస్. 1786 ప్రకారం తెగేలోపు 500డి కనీసం 16 శాతం సాగాలి. మామూలు 500కి 12, మామూలు 550కి 10 చాలు. మేస్త్రీ చెప్పని లెక్క ఇది.

“550 వేసి చువ్వలు తగ్గిద్దాం” అనేవారూ ఉన్నారు. ఏ గ్రేడుదైనా స్టీలు బిగువు ఒకటే. చువ్వలు తగ్గితే రోజువారీ బరువుకే ఒక్కొక్కటీ ఎక్కువ సాగుతుంది, స్లాబు పగుళ్లు వెడల్పవుతాయి. కోస్తాలో ఉప్పుగాలికి అంతకన్నా ఏం కావాలి?

స్లాబు పోసేముందు చువ్వ మీద అచ్చయిన గ్రేడు ఫోటో తీసి పంపమనండి. రింగుల కొనలు 135 డిగ్రీలు లోపలికి వంచారో లేదో వీడియో కాల్‌లో చూడండి. ప్లాన్లు తెచ్చినవాళ్లు భోజనాల దగ్గర కనిపించండి, చూస్తాను. సంతకం పెట్టాల్సింది మాత్రం అక్కడి ఇంజనీరే.