అలవాటుకు అప్పగించరానివి

సర్వ స్తోత్రాలూ అల్లాహ్‌కే. మానవునికి బుద్ధినీ, మంచిచెడులను ఎంచుకునే స్వేచ్ఛనూ ప్రసాదించినవాడు ఆయనే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా!

నమాజులో నిలిచిన మనిషి తక్బీరు పలికి చేతులు కడతాడు. ఫాతిహా పూర్తవుతుంది, రుకూ పూర్తవుతుంది, సజ్దా పూర్తవుతుంది. సలాం చెప్పిన తరువాత చూసుకుంటే, నాలుగు రకాతులలోనూ మనసు దుకాణం లెక్కలలోనే తిరిగి వచ్చింది. పఠనంలో ఒక్క అక్షరం తప్పలేదు. ఒక్క అక్షరమూ హృదయాన్ని తాకలేదు. మనసు తోడు లేకుండా నాలుక ఎలా నడిచింది? ఈ ప్రశ్నకు మనస్తత్వ శాస్త్రం ఇచ్చిన సమాధానాన్ని ఈ జుమా నాడు మేము మీ ముందుంచదలిచాము.

మనసు రెండు విధాలుగా పనిచేస్తుందని ఆ శాస్త్రజ్ఞులు అంటారు. మొదటిది ఎరుకతో, శ్రమతో, నెమ్మదిగా సాగుతుంది. దానిని నియంత్రిత ప్రక్రియ అంటారు. రెండవది అభ్యాసబలంతో దానంతటదే సాగిపోతుంది. అది స్వయంచాలక ప్రక్రియ. కొత్తగా మోటారు సైకిలు నేర్చుకునేవాడు క్లచ్చును, గేరును, బ్రేకును ఒక్కొక్కటిగా తలచుకుంటాడు. కొన్నాళ్ళకు అవేవీ తలపుకు రాకుండానే బండి నడుపుతాడు.

అలవాటు బలమెంతటిదో 1935లో అమెరికాకు చెందిన జాన్ రిడ్లీ స్ట్రూప్ ప్రయోగపూర్వకంగా చూపారు. రంగుల పేర్లను వేరే రంగు సిరాతో అచ్చువేసి, పేరు చదవకుండా సిరా రంగును మాత్రమే చెప్పమన్నారు. ‘ఎరుపు’ అన్న మాట పచ్చ సిరాలో కనబడితే, ‘పచ్చ’ అని చెప్పవలసిన నాలుక తడబడింది. ఉత్త రంగు గుర్తులను చెప్పడానికి పట్టిన సమయం కన్నా చాలా ఎక్కువ సమయం పట్టింది. చదవకూడదని ఎంత నిశ్చయించుకున్నా కన్ను చదివేస్తుంది. ఆ లిపి రానివారికి ఈ చిక్కే లేదు.

1977లో వాల్టర్ ష్నైడర్, రిచర్డ్ షిఫ్రిన్ అనే ఇద్దరు పరిశోధకులు మరింత ముందుకు వెళ్ళారు. కొన్ని అక్షరాలను ఎల్లప్పుడూ వెతకవలసినవిగా, మరికొన్నిటిని ఎల్లప్పుడూ విడిచిపెట్టవలసినవిగా ఉంచి 2100 సార్లు అభ్యాసం చేయించారు. వెతుకులాట సునాయాసమయింది. ఆ తరువాత రెండు వర్గాలను తారుమారు చేశారు. అప్పుడు అభ్యాసకులు తొలినాటి కొత్తవారి స్థాయికి తిరిగి రావడానికే దాదాపు 1000 ప్రయత్నాలు పట్టాయి. ఒకే అక్షరం ఒకసారి వెతకవలసినది, మరోసారి విడువవలసినది అయినప్పుడు మాత్రం ఎంత అభ్యాసం చేసినా ఆ అప్రయత్న వేగం రాలేదు.

సోదరులారా! ఈ విషయం మన పూర్వ పండితులకు తెలియనిది కాదు. హిజ్రీ 505లో, అంటే 1111లో పరమపదించిన ఇమామ్ గజాలీ (రహ్మ) తమ ‘ఇహ్యా ఉలూముద్దీన్’ గ్రంథంలో శీలమంటే ఏమిటో వివరించారు. ఆలోచించి చూసుకునే అవసరం లేకుండా పనులు సులువుగా వెలువడేటట్లు ఆత్మలో పాతుకుపోయిన స్థితే శీలమన్నారు. చక్కని దస్తూరి కోరేవాడు మొదట ప్రయత్నపూర్వకంగా అక్షరాలు దిద్దుతాడు. చివరికి అది అతని సహజగుణమవుతుంది. దాతృత్వమూ అంతే: మొదట మనసును బలవంతపెట్టి ఇవ్వాలి, ఆపైన చేయి తానే సాగుతుంది.

కనుక అలవాటు అల్లాహ్ అనుగ్రహమే. అయితే అలవాటుకు అప్పగించగలిగినవి కొన్ని, అప్పగించరానివి కొన్ని. వుజూ క్రమం అప్పగించవచ్చు, రుకూ సజ్దాల వరుస అప్పగించవచ్చు. సంకల్పాన్ని మాత్రం అప్పగించలేము. ఎరుక లేనిచోట సంకల్పమన్న మాటకు అర్థమే లేదు.

మాటల మధ్య అనాలోచితంగా దొర్లే ప్రమాణాలకు అల్లాహ్ మనలను పట్టుకోడనీ, హృదయపూర్వకంగా చేసినవాటికే పట్టుకుంటాడనీ దివ్య ఖుర్‌ఆన్ బఖరా, మాయిదా సూరాలలో తెలియజేస్తోంది. ఎంత కారుణ్యం! కాని దీనిని సాకుగా చేసుకోరాదు. ఇంట్లో బిడ్డను దుర్భాషలాడి, ‘నోరు జారింది’ అని సరిపెట్టుకుంటారు. ఆ నోటికి ఆ మాటను వందలసార్లు నేర్పినది ఎవరు? జారిన మాట ఈనాటిది కావచ్చు. జారుడుబాట ఏళ్ళ తరబడి మనమే వేసుకున్నది.

కోపం వచ్చినప్పుడు నిలబడి ఉన్నవారు కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. దేహస్థితి మారితే అలవాటు వేగం తెగుతుంది. ఆలోచన వచ్చి చేరడానికి వ్యవధి దొరుకుతుంది.

ఇక మన కర్తవ్యం. తక్బీరుకు ముందు ఒక్క శ్వాసకాలం ఆగి, ఎవరి ముందు నిలిచామో తలచుకుందాం. ఫాతిహా అర్థాన్ని మాతృభాషలో నేర్చుకుందాం. అర్థం తెలియని పఠనం పెదవులకే పరిమితమవుతుంది. ఫాతిహా తరువాత ప్రతిరోజూ అవే రెండు చిన్న సూరాలు కాక, కంఠస్థమైనవాటిని మార్చి మార్చి పఠిద్దాం. మార్పు ఉన్నచోట మనసు మేలుకొని ఉండక తప్పదు. ఒక చెడ్డమాటను మానదలచినవారు పది రోజులలో మానలేదని నిరాశ చెందరాదు. తారుమారైన అక్షరాలకే వెయ్యి ప్రయత్నాలు పట్టాయి. వెయ్యిన్నొకటవ ప్రయత్నానికి కూడా అల్లాహ్ వద్ద ప్రతిఫలముంది.

అంతిమ ఘడియలో శక్తి ఉడిగి, ఆలోచన సన్నగిల్లినప్పుడు, జీవితమంతా అలవాటు పడిన మాటే నాలుకపైకి వస్తుందని పెద్దలంటారు. ఆ మాట ఏదై ఉండాలో ఎంచుకునే సమయం ఇదే.

ఓ అల్లాహ్! మా అలవాట్లను సత్కార్యాలుగా, మా సత్కార్యాలను ఎరుక గలవిగా చేయుము. మా నాలుకతో పాటు మా హృదయాన్నీ నీ సన్నిధిలో నిలుపుము. ఆమీన్.